తొమ్మిది కణుపుల కొమ్మ

సోమవారం పొద్దున ఎండుతోట తాళం తీసేది జిగురక్కే. ఆఫీసు పదింటికి, ఆవిడ ఎనిమిదిన్నరకే వచ్చేస్తుంది. కాపలాదారు ఇంకా నోట్లో బ్రష్షుతో ఉంటాడు. నురగ కారకుండా తల వెనక్కి వంచి తాళాల గుత్తి అందిస్తాడు. మిగతా ఐదు రోజులూ అందరిలాగే పదింటికి వచ్చే మనిషికి సోమవారం ఒక్కటే ఏం తొందరని అతను మొదట్లో అడిగేవాడు. "ఆదివారమంతా జిగురు గడ్డకట్టి ఉంటుంది, కరిగించుకోవాలి" అని ఆవిడ చెప్పేది. జిగురు సంగతి అతనికేం తెలుసు, ఒప్పుకున్నాడు.

ఎండుతోటకు ఒక పెద్ద అసలు పేరుంది. అది గేటు మీద రెండు వరుసల్లో ఉంటుంది కానీ దాన్ని పూర్తిగా చదివినవాళ్ళు తక్కువ. మూడంతస్తుల భవనం నిండా ఇనుప బీరువాలు, బీరువాల్లో అరలు, అరల్లో అట్టలు, ఒక్కో అట్టలో ఒక తెల్లటి మందపాటి కాగితం, కాగితం మీద అతికించిన ఒక ఎండు మొక్క. లక్ష దాటాయి. ఒక్కదానికీ నీళ్ళు పోయక్కర్లేదు, ఒక్కదాన్నీ మేక మేయదు. ఏ కొండ మీద ఏ మొక్క ఉందో, దాని పేరేమిటో లోకానికి సందేహం వస్తే ఇక్కడికొచ్చి చూసుకోవాలి.

జిగురక్క పని అతికించడం. న్యూస్‌పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టిన కొమ్మలు కట్టలు కట్టలుగా వస్తాయి. వాటిని కాగితం మీద పరచాలి. ఒక ఆకు వెల్లకిలా, ఒక ఆకు బోర్లా ఉండాలి, రెండు వైపులా కనపడాలి కదా. పువ్వు నలగకూడదు. కాడ మీద అక్కడక్కడా సన్నటి కాగితపు పట్టీ వేసి జిగురుతో బిగించాలి, లావు కాడలైతే దారంతో కుట్టాలి. విని ఇంతేనా అనుకునేవాళ్ళు ఒక్క నాచు మొక్కని అతికించి చూపించమనండి. ఆవిడ అతికించిన కాగితాన్ని నిలువుగా పట్టుకుని దులిపినా ఆకు రాలదని పేరు.

ఆ సోమవారం కూడా ఆవిడ జిగురు కరిగించలేదు. నేరుగా రెండో అంతస్తుకి వెళ్ళి, పద్నాలుగో బీరువా తెరిచి, నాలుగో అరలోంచి ఎర్ర అట్ట తీసింది.

ఎర్ర అట్ట అంటే పెద్దరికం. ఏ మొక్కకైనా మొట్టమొదట పేరు పెట్టినప్పుడు ఏ కాగితాన్ని చూసి పెట్టారో ఆ కాగితానికే ఎర్ర అట్ట వేస్తారు. ఈ అట్టలో ఉన్నది ముళ్ళు లేని అడవి ఉసిరి. ఉసిరి అనగానే పెద్ద చెట్టు తలపుకొస్తుంది గానీ ఇది చెట్టు కాదు, నడుమెత్తు పొద. కాయ మీద ఉసిరికాయకున్నట్టే నిలువు చారలుంటాయని ఎవరో ఆ పేరు తగిలించారు. ఆకు చిన్నపిల్ల అరచేయంత, వేళ్ళు చాచినట్టు చీలి ఉంటుంది. పువ్వు తల దించుకుని వేలాడుతుంది, రేకులు వెనక్కి మడుచుకుంటాయి. కాయ కట్టాక కూడా ఆ వాడిన పువ్వు కాయ కొసనే పట్టుకుని ఉంటుంది, వదలదు. మామూలు అడవి ఉసిరికి కణుపు కణుపుకీ మూడేసి ముళ్ళు. దీనికి లేవు. లేవు కాబట్టే ఇది వేరే జాతి అని పేరు పెట్టారు.

ఈ కొమ్మ కాగితం మీద ఇరవై రెండేళ్ళుగా ఏటా పూస్తుంది. చలి తగ్గగానే పూత, ఎండలు ముదిరేసరికి కాయ. పూత వేళకి సూపరింటెండెంటు రిజిస్టర్లో "పద్నాలుగో బీరువా, నాలుగో అర, పూతలో ఉన్నది, పైన బరువు పెట్టరాదు" అని రాసి సంతకం చేస్తాడు. ఆయనకు ముందున్నాయనా అలాగే రాసేవాడు. కాయలు పండితే ఆఫీసులో తలా రెండు పంచుతారు, కాపలాదారుకి మూడు, ఎందుకంటే అతను ఇంటికి పట్టుకెళ్ళాలి. పులుపు బాగానే ఉంటుంది గానీ లోపల గింజ ఉండదు. కాగితం మీద కాసింది కదా, గింజ ఎక్కణ్ణుంచి వస్తుందని అందరూ సరిపెట్టుకున్నారు.

అందరికీ తెలిసింది అంతవరకే. ప్రతి ఆదివారం రాత్రికి ఆ కొమ్మ మీద తొమ్మిది కణుపుల దగ్గరా మూడేసి ముళ్ళు మొలుస్తాయని తెలిసింది జిగురక్క ఒక్కదానికే. సోమవారం ఎనిమిదిన్నరకి వచ్చి నెయిల్ కట్టరుతో ఆ ఇరవై ఏడూ కత్తిరించి, ముళ్ళు పైకి లేపిన పట్టీలను తడివేలితో మళ్ళీ నొక్కేసేది ఆవిడే.

ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలంటే వదిన గురించి చెప్పాలి.

కాపురం పొసగక, జిగురక్క ఒక పెట్టె పట్టుకుని అన్నయ్య గుమ్మం ఎక్కిన రోజున, ఎందుకొచ్చావని అడగని మనిషి వదిన ఒక్కతే. "ముందు కాళ్ళు కడుక్కో, తర్వాత ఏడుద్దువు గానీ" అంది. నెల తిరక్కముందే ఎండుతోటలో అతికించే పని ఇప్పించింది. వదిన అప్పటికే అక్కడ మొక్కలకు పేర్లు పెట్టే ఉద్యోగంలో ఉంది. అన్నయ్య కొండలెక్కి మొక్కలు కోసుకొచ్చే ఉద్యోగంలో ఉన్నాడు. ఒకరు కోసేవారు, ఒకరు అతికించేవారు, ఒకరు పేరు పెట్టేవారు. ఇంటిల్లిపాదీ ఒకే పని మీద బతుకుతున్నారని ఆఫీసులో హాస్యమాడేవాళ్ళు. ఆఫీసులో మాత్రం వదిన అని పిలవకూడదు, మేడం అనాలి. అది వదిన పెట్టిన రూలు, జిగురక్క ఏనాడూ తప్పలేదు.

చేరిన మొదటి నెలలో ఒక కట్ట వచ్చింది. అందులో ఈ కొమ్మ. ఆరిన ముళ్ళు గట్టిగా ఉండి, పైన పెట్టే కాగితాలకు చిల్లులు పొడుస్తున్నాయి. అంతకు రెండు రోజుల ముందే అప్పటి సూపరింటెండెంటు ఏదో చినిగిన కాగితం పట్టుకుని నలుగురిలో ఆవిణ్ణి కేకలేశాడు. కొత్త మనిషి, భయస్తురాలు. కూరగాయలకు తొడిమలు తీసినట్టు ముళ్ళన్నీ తీసేసి, తీసిన చోట గరుకు కనపడకుండా సరిగ్గా కణుపుల మీదే పట్టీలు వేసి అతికించింది. చాలా నీటుగా వచ్చిందని మురిసిపోయింది కూడా.

మూడు నెలల తర్వాత వదిన ఆ కాగితం చూసి, లెన్సు పెట్టి చూసి, పాత పుస్తకాలన్నీ తిరగేసి, ఇది కొత్త జాతి అంది. అన్నయ్యని అడిగింది. "ముళ్ళా? తోలు గ్లౌజులు వేసుకున్నవాడికి ముల్లయితేనేం మొగ్గయితేనేం" అన్నాడాయన. పత్రికలో పడింది. ఆ మొక్క పేరు పక్కన వదిన పేరు శాశ్వతంగా అచ్చయింది. ఆఫీసులో మిఠాయిలు పంచారు. జిగురక్క ఆ మిఠాయి చేతిలో పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడింది. ఆ రోజు చెప్పి ఉంటే అరగంటలో పోయేది. చెప్పలేదు. ఆ వచ్చే సోమవారం నుంచే ముళ్ళు మొలవడం మొదలైంది.

అక్కడితో ఆగినా బాగుండేది. వదినకి ఆ మొక్కని నేల మీద చూడాలనిపించింది. అన్నయ్య గుర్తు తెచ్చుకుని చెప్పిన కొండకి వెళ్ళింది. మూడో మలుపు, పై గట్టు, వాగు ఒడ్డు అంతా వెతికింది. మామూలు ముళ్ళ ఉసిరి ఎక్కడ చూసినా ఉంది, ముళ్ళు లేనిది లేదు. మరుసటేడు వెళ్ళింది. లేదు. ఆ పైయేడూ లేదు. ఇంటికొచ్చి అన్నయ్యని పట్టుకుని అడిగింది.

"వేరుతో సహా తెమ్మని నీకు చెప్పింది నేనేనా?"

"నువ్వే చెప్పావు. చిన్న పొదే, మొత్తం పెకలించాను" అన్నాడు అన్నయ్య. ఆయన అబద్ధమాడే మనిషి కాదు, అదే ఆ ఇంటి కర్మ.

ఆ రోజు నుంచి వదిన మనసులో ఒకటే. లోకంలో ఒకే ఒక్క పొద మిగిలి ఉంటే, దానికి పేరు పెట్టాలన్న ఆత్రంలో తనే దాన్ని పెకలింపజేసింది. ఎర్ర అట్టలో పూసే కొమ్మను చూసి ఎవరైనా ఇదింకా బతికే ఉంది కదా మేడం అంటే, "కాగితం మీద బతికేదీ ఒక బతుకేనా, నేల మీద దాని వంశం లేదుగా" అనేది. ఏటా కాయలు పండే వేళకి సెలవు పెట్టి కొండెక్కేది. ఇరవై రెండుసార్లు ఎక్కింది. వెళ్ళేటప్పుడు చిన్నపిల్లలా వెళ్ళేది, వచ్చేటప్పుడు ముసలిదైపోయి వచ్చేది. జిగురక్క ఆవిడ బూట్లకు మట్టి దులిపి, వేణ్ణీళ్ళు కాచి, కాళ్ళు పట్టేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే అన్ని సేవలూ చేసేది. నోరు మాత్రం విప్పేది కాదు.

నిరుడు వదిన పై గట్టు మీద జారిపడింది. మధ్యాహ్నం పడిన మనిషి సాయంత్రం మేకలవాడు అటు వచ్చేదాకా అలాగే పడి ఉంది. ఇప్పుడు నడిస్తే ఎడమ మోకాలు పక్కకు మెలిక పడుతుంది. గుండె కూడా బలహీనంగా ఉందని, ఎత్తులు ఎక్కకూడదని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. వదిన ఆ చీటీ మడిచి లెన్సు డబ్బాలో పెట్టుకుంది.

ఈ నెలాఖరుకు వదినకు రిటైర్మెంటు. బుధవారం కొండకి వెళ్తానంది.

"ఈసారి దొరికేదాకా దిగను. వారానికి సరిపడా తిండి పట్టుకెళ్తున్నా. ఎవరూ నా వెంట రావద్దు" అంది ఆదివారం భోజనాల దగ్గర.

"దొరక్కపోతే?" అన్నాడు అన్నయ్య.

వదిన గ్లాసెత్తి నీళ్ళు తాగింది. అన్నయ్య చెల్లెలి వంక చూశాడు, నువ్వైనా చెప్పవే అన్నట్టు. జిగురక్క కలిపిన ముద్దే మళ్ళీ కలిపింది. వదిన ఈసారి తిరిగి రాదని ఆవిడకి ఆ క్షణంలో ఖాయంగా తెలిసిపోయింది.

అందుకే ఆ సోమవారం ఎర్ర అట్టను కాసేపు ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు తెరిచింది.

ముళ్ళు లేవు.

ఆవిడ కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. తొమ్మిది కణుపులూ నున్నగా ఉన్నాయి. పట్టీలు కాగితానికి చక్కగా అంటుకుని ఉన్నాయి, ఎక్కడా పైకి లేవలేదు. వేలితో తడిమింది. మొదటి నుంచి చివరిదాకా తడిమింది. కాయలు మాత్రం ఆకుపచ్చగా నాలుగు వేలాడుతున్నాయి.

మొదట హమ్మయ్య అనిపించింది, అబద్ధమెందుకు. ఇరవై రెండేళ్ళ చాకిరీ ఇక లేదు. వచ్చే సోమవారం పదింటికే రావచ్చు. తను రిటైరయ్యాక ఎవరు కత్తిరిస్తారన్న బెంగ కూడా తీరింది. నెయిల్ కట్టరు సంచిలో వేసుకుని అట్ట మూయబోయింది. మూయలేకపోయింది. కత్తిరించగా కత్తిరించగా, ముల్లు నా ఒంటిదే కాదు కాబోలునని ఆ కొమ్మ నమ్మేసింది. తన తీరు తనే మర్చిపోయింది. అది మర్చిపోయేదాకా కత్తిరించింది జిగురక్కే. ఇక నిజమన్నది తన కడుపులో తప్ప ఈ లోకంలో ఎక్కడా లేదు. తనూ నోరు మూసుకుంటే అది అక్కడే ఆరిపోతుంది. ఎవరూ ఏమీ అడగరు. ఎల్లుండి వదిన బస్సెక్కుతుంది.

జిగురక్క అక్కడే బీరువాకి ఆనుకుని నేల మీద కూర్చుని ఏడ్చింది. కాసేపటికి లేచి ముఖం కడుక్కుంది. పదిన్నరకు అట్ట పట్టుకుని వదిన గదికి వెళ్ళింది.

వదిన పుస్తకాలు పెట్టెల్లో సర్దుతోంది. బల్ల పక్కన కొత్త బూట్లు, లేసులు కట్టి సిద్ధంగా ఉన్నాయి.

"రా. ఆ దారపు ఉండ ఇటివ్వు. అదేంటి, ఎర్ర అట్ట చేత్తో పట్టుకొచ్చావు? రిజిస్టర్లో సంతకం పెట్టావా?"

"పెట్టలేదు వదినా."

వదిన తలెత్తింది. ఆఫీసులో ఆ పిలుపు వినడం అదే మొదలు. "అన్నయ్యకేమైనా అయిందా?"

"అన్నయ్యకేం కాలేదు. నువ్వు కొండకి వెళ్ళొద్దు."

"మళ్ళీ మొదలా? పొద్దున్నే..."

"అక్కడ లేదు వదినా. ఎప్పుడూ లేదు. దీనికి ముళ్ళుండేవి. అతికించేముందు నేనే కత్తిరించాను. నాకు తెలీక కత్తిరించాను. తర్వాత తెలిసీ చెప్పలేదు."

వదిన చెయ్యి చాచి కాగితం తీసుకుంది. లెన్సు కంటికి పెట్టుకుని కొమ్మ మొదలు నుంచి కొసదాకా చూసింది. తర్వాత లెన్సు దించి, జిగురక్క ఊహించనట్టుగా నవ్వింది.

"ఎక్కడే ముళ్ళు?"

"వారం వారం మొలిచేవి. నేను సోమవారం వచ్చి తీసేసేదాన్ని. ఇవాళే మొలవలేదు."

"నన్ను ఆపడానికి ఇంత కథ అల్లావా? అన్నాచెల్లెళ్ళు కూర్చుని అల్లారా, నువ్వొక్కదానివే అల్లావా?" వదిన గొంతులో జాలి ఉంది. ఆడపడుచు చేయి పట్టుకుని నిమిరింది. "నా మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు అమ్మడూ. కానీ నా తప్పు నన్ను దిద్దుకోనీ. దిద్దుకోలేకపోయినా, దాని దగ్గరే..."

ఆ మాట పూర్తి కాకుండానే జిగురక్క చేయి విడిపించుకుంది. నమ్మకపోవడం కంటే ఆ నిమరడం భరించలేకపోయింది. గబగబా తన బల్ల దగ్గరకు పోయి, గిన్నెలో వేడినీళ్ళు, సన్న కుంచె, చిన్న చాకు తెచ్చింది. వదిన బల్ల మీదే కాగితం పరిచి, మొదటి కణుపు మీది పట్టీని కుంచెతో తడిపింది. అతికించడం తప్ప ఊడదీయడం ఎరగని చేయి. రెండు నిమిషాలకు జిగురు మెత్తబడింది. చాకు మొనతో పట్టీని లేపి పక్కకు తీసింది. రెండోది తడిపింది. మూడోది తీసింది. వదిన వద్దనలేదు. ఎర్ర అట్ట కాగితాన్ని ఎవరైనా అలా ముట్టుకుంటే ఉద్యోగం ఊడగొట్టే మనిషి, కదలకుండా చూస్తోంది. తొమ్మిదో పట్టీ కూడా వచ్చాక జిగురక్క రెండడుగులు వెనక్కి నిలబడింది.

"ఇప్పుడు చూడు."

వదిన లెన్సు పెట్టింది. కణుపు దగ్గర మూడు గుండ్రటి మచ్చలు. తాజా కోత లాంటి మచ్చలు కావు. ఏళ్ళ తరబడి చెప్పు కరిచిన చోట మడమ కాయ కాచినట్టు, పొర మీద పొర కట్టి ఉబ్బి ఉన్నాయి. వదిన రెండో కణుపుకు జరిగింది. మూడోదానికి జరిగింది. మొక్క ఒంటి మీద ఏం జరిగిందో చదవడమే ఆవిడ బతుకంతా చేసిన పని, ఆ చదువు ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. అలా తొమ్మిదీ చూసింది.

"ఇది ఒకసారి కోసింది కాదు" అంది చివరికి.

"కాదు."

"ప్రతి సోమవారమా?"

"ప్రతి సోమవారం."

"నా పేరు పోతుందని దాచావా?"

జిగురక్క నిజమే చెప్పింది. "మొదట నా ఉద్యోగం పోతుందని. తర్వాత నీ పేరు పోతుందని. ఆ తర్వాత ఎందుకో నాకే తెలీదు వదినా. అప్పటిదాకా దాచాను కాబట్టి దాచాను."

వదిన లెన్సు బల్ల మీద పెట్టింది. ఆవిడ చెంపలు ఎర్రబడ్డాయి. "పేరుదేముందే. అచ్చు తప్పనుకుంటే పోయేది. ఒక వంశాన్ని నా చేత్తో నాశనం చేశానని ఇన్నేళ్ళు ఏడ్చాను. నా ఏడుపు నీకు పక్కగదిలోకి వినపడేది కదా?"

"వినపడేది."

"విని ఏం చేసేదానివి?"

"దుప్పటి ముసుగు పెట్టుకునేదాన్ని."

"బయటికి నడు" అంది వదిన.

జిగురక్క వెళ్ళి తన బల్ల దగ్గర కూర్చుంది. ఏ పనీ చేతకాలేదు. మధ్యాహ్నం వదిన భోజనానికి రాలేదు. నాలుగింటికి సూపరింటెండెంటు ఎర్ర అట్ట మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. పైన వదిన చేతిరాతతో చిన్న చీటీ ఉంది. 'ఇది ముళ్ళు గల మామూలు అడవి ఉసిరి. దీన్ని కొత్త జాతిగా నేను రాయడం పొరపాటు. ముళ్ళు అతికించేముందు తీసివేసినవి.' కింద సంతకం, తారీఖు. ఎవరు తీశారన్నది ఎక్కడా లేదు.

"కింద కుడి మూలన అతికించమన్నారు మేడం. పట్టీలు కూడా మళ్ళీ వేయమన్నారు, ఈసారి కణుపులు వదిలేసి" అన్నాడు సూపరింటెండెంటు. "ఎర్ర అట్ట అలాగే ఉంటుందిలే. ఒకసారి పడిన అట్ట తియ్యరు" అన్నాడు, అదేదో ఓదార్పు అయినట్టు.

జిగురక్క చీటీకి జిగురు రాసి, మూలన పెట్టి, బొటనవేలితో నొక్కింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ అతికించిన వాటిలో అంత చిన్నదీ లేదు, అంతసేపు పట్టిందీ లేదు.

మంగళవారం పొద్దుటికి తొమ్మిది కణుపుల మీదా ముళ్ళు లేచాయి. సూపరింటెండెంటు రిజిస్టరు తెచ్చి "ముళ్ళు వచ్చినవి, తీయువారు జాగ్రత్త వహించవలెను" అని రాసుకున్నాడు. అట్ట మూస్తుంటే ఒకటి గుచ్చుకుంది, వేలు నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో ఆ రెండు రోజులూ వదిన వండింది, వడ్డించింది, జిగురక్క వైపు చూడలేదు. సంగతి విన్న అన్నయ్య చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "ఆ గ్లౌజులు నేను వేసుకోకపోయినా బాగుండేది" అన్నాడు.

బుధవారం తెల్లారేసరికి వదిన గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది. జిగురక్క అది చూసింది. చెప్పినా ఆగలేదు, అంటే ఇంకా నమ్మలేదు, లేదా నమ్మి కూడా వెళ్తోంది. ఏది నిజమైనా తను గెలవలేదనుకుంది. వెళ్ళి ఎదురుగా నిలబడింది, అడ్డుపడే హక్కు తనకుందో లేదో తెలీక ఊరికే నిలబడింది.

వదిన లేసు బిగించి తలెత్తకుండానే అంది. "నువ్వు రావా?"

బస్సులో రెండున్నర గంటలు. పక్కపక్కన కూర్చున్నారు. వదిన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. కొండ కింద స్టాపులో దిగారు. రేకుల షెడ్డు, సిమెంటు బెంచీ, ఎవరూ లేరు. కొండదారి ఎడమ వైపు మొదలవుతుంది. వదిన ఎడమ వైపు తిరగలేదు. షెడ్డు వెనక్కి నడిచింది.

అక్కడ పొద ఉంది. నడుమెత్తు, షెడ్డంత వెడల్పు. కాయలతో కొమ్మలు వంగి నేలను తాకుతున్నాయి. తిరుగు బస్సు కోసం వదిన ఏటా ఆ బెంచీ మీదే కూర్చునేది, ఈ పొద కొమ్మలు రేకు సందులోంచి వచ్చి వీపుకు గుచ్చుకునేవి.

"ప్రతిసారీ చేత్తో పక్కకి నెట్టి కూర్చునేదాన్ని" అంది వదిన. "పైన దొరకలేదని ఏడుస్తూ దీన్ని నెట్టేదాన్ని."

పొదలోకి చేయి పెట్టింది. ముల్లు దిగింది, వేలి మీద రక్తం బొట్టు వచ్చింది. చేయి వెనక్కి తీసుకోలేదు. ఇంకా లోపలికి పెట్టి ఒక కొమ్మను, పసిపిల్ల చేయి పట్టుకున్నట్టు, పట్టుకుంది. "చావలేదే ఇది" అంది. "నేను చంపలేదే." ఆ మాట ఎన్నిసార్లు అందో. ఏడుస్తూ అంది, తర్వాత నవ్వుతూ అంది, మళ్ళీ ఏడ్చింది. జిగురక్క దగ్గరకు వెళ్ళబోయి ఆగిపోయింది.

చాలాసేపటికి వదిన ముఖం తుడుచుకుంది. "నిన్ను క్షమించాననుకోకు. నాకింకా టైం పడుతుంది."

"పట్టనీ వదినా."

"కాగితం ఉందా నీ దగ్గర?"

సంచి వెతికితే కాగితం లేదు. బస్సు టికెట్లు రెండున్నాయి. జిగురక్క ఒకటి వెనక్కి తిప్పి, పెన్ను తీసి, బెంచీ మీద పెట్టుకుంది. వదిన పొద ముందు నిలబడి, ఎండుతోటలో కుర్రవాళ్ళకు చెప్పే గొంతుతో మొదలుపెట్టింది.

"రాసుకో అమ్మడూ. పొద, నడుమెత్తు. కొమ్మలు వంగినవి, కొస నేలను తాకిన చోటల్లా వేరు పడుతోంది, అక్కణ్ణుంచి కొత్త పొద లేస్తోంది. రాశావా? బెరడు బూడిద రంగు, ముదిరిన కొమ్మల మీద చిట్లుతోంది. ఆకులు చేతివేళ్ళ తీరున చీలినవి, ఐదు చీలికలు, అంచులు రంపపు పళ్ళు. కాయ మీద నిలువు చారలు, కొసన వాడిన పువ్వు. ముళ్ళు..."

వదిన ఆగింది.

"ముళ్ళు నువ్వు చెప్పు."

జిగురక్క లేచి పొద దగ్గరకు వచ్చింది. ఒక కణుపు పట్టుకుని చూసింది. కళ్ళనీళ్ళలో సరిగ్గా కనపడక, వేలితో తడిమి లెక్కపెట్టింది.

"కణుపుకి మూడు."

"గట్టిగా చెప్పు."

"మూడు వదినా. కణుపు కణుపుకీ మూడు."

"రాసుకో" అంది వదిన.